మొటిమలకి ఐసోట్రెటినాయిన్ 20 రాశారు, వాడినవాళ్లు కాస్త చెప్పండి

తణుకు అమ్మాయి | ఆగస్టు 9

అందరికీ నమస్కారం అండి. నాకు 24 ఏళ్లు. మాది తణుకు దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. కొండాపూర్‌లో హాస్టల్లో ఉంటాను.

మొటిమలు ఇంటర్ నుంచీ ఉన్నాయి. కానీ రెండేళ్లుగా వస్తున్నవి అలాంటివి కావు. దవడ పొడుగునా, వీపు మీద, చర్మం లోపల గోలీల్లా గట్టిగా వస్తాయి. పైకి మొన కనపడదు. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే నొప్పికి మెలకువ వచ్చేస్తుంది. ఒక్కోటి మూడు వారాలు ఉండి, పోతూ పోతూ గుంట చేసి పోతుంది. ఎడమ దవడ మీద అలాంటి గుంటలు ఇప్పుడు ఏడున్నాయి.

చేయనిది లేదండి. గంధం, ముల్తానీ మట్టి, వేపాకు ముద్ద అన్నీ అయ్యాయి. ఊళ్లో మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లో ముఖం నున్నగా, తెల్లగా అయిపోయింది. ఆ సంతోషంలో ఆరు నెలలు రాశాను. ఆపిన వారానికి ముఖమంతా ఎర్రబడి మంట, ముందుకంటే ఎక్కువ మొటిమలు. అందులో స్టెరాయిడ్ ఉందని చివరికి స్కిన్ డాక్టర్ గారు చూసి చెప్పేదాకా నాకు తెలియదు. ఆ తర్వాత ఆవిడ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మూడు నెలలు, పైన రాయడానికి అడాపలీన్ జెల్, బెంజాయిల్ పెరాక్సైడ్ ఇచ్చారు. వాడినన్నాళ్లు తగ్గాయి, మాత్రలు ఆపాక మళ్లీ మొదలు.

ఇప్పుడు ఐసోట్రెటినాయిన్ 20 మి.గ్రా. రోజుకొకటి రాశారు. నా బరువు 52 కిలోలు. పది నెలలు పట్టొచ్చన్నారు. లివర్ టెస్టు, లిపిడ్ ప్రొఫైల్, ప్రెగ్నెన్సీ టెస్టు చేయించారు. ఒక ఫారం చదివించి సంతకం పెట్టించుకున్నారు. పీరియడ్ వచ్చిన రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టమన్నారు. రిపోర్టులన్నీ నార్మల్.

మందు కొని పన్నెండు రోజులైంది. స్ట్రిప్పు అలమరలో అలాగే ఉంది. అమ్మ రోజూ ఫోన్ చేసి వద్దంటోంది. పక్కింటి ఆంటీ "ఆ మాత్ర వేసుకున్న పిల్లకి ఇక పిల్లలు పుట్టరంట" అందట. సంక్రాంతికి ఒక సంబంధం వాళ్లు చూడటానికి వస్తామన్నారు. అదొక టెన్షన్. ముఖం బాగుపడాలని అమ్మకీ ఉంది, ఈ మాత్రంటే భయమూ ఉంది.

వాడినవాళ్లు ఎవరైనా ఉంటే, నెలనెలా ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. గూగుల్లో చదివితే నిద్ర పట్టడం లేదు.


బెజవాడ అక్క | ఆగస్టు 10

చెల్లీ, నేను వాడాను. 2021 నవంబరులో మొదలుపెట్టి 2022 మే చివర్లో ముగించాను. అప్పటికి నాకు 29 ఏళ్లు, పెళ్లై ఒక బాబు. ముందు నీ భయం సంగతి చెప్పి మిగతావి చెప్తాను. మా రెండో పాప 2024 ఫిబ్రవరిలో పుట్టింది. ఆరోగ్యంగా ఉంది, ఇప్పుడు నా ఒళ్లోనే పడుకుంది.

మీ అమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. ఈ మందు ఒంట్లో ఉండగా గర్భం వస్తే చాలా ప్రమాదం. బిడ్డ గుండె, మెదడు, చెవులు, ముఖం సరిగా ఏర్పడకపోవచ్చు, గర్భం పోవచ్చు. కొద్ది రోజులు వేసుకున్నా ఆ ప్రమాదం ఉంటుంది. అందుకే ప్రెగ్నెన్సీ టెస్టు, అందుకే ఆ సంతకం. కానీ ఇది గర్భసంచిని పాడు చేసే మందు కాదు. ఆపాక కొద్ది రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. ఆఖరి మాత్ర వేసుకున్నాక ఒక నెల ఆగమంటారు. ఆ తర్వాత పిల్లల్ని కనడానికి దీనివల్ల అడ్డేమీ లేదు. నేను గైనకాలజిస్టును కలిసి గర్భం రాకుండా మాత్రలు వాడాను, ప్రతి నెలా టెస్టు చేయించుకున్నాను. బాబు పాలు మానేశాకే మొదలుపెట్టాను, ఎందుకంటే పాలిచ్చే తల్లులు కూడా ఇది వాడకూడదు.

ఇక లెక్క. మా డాక్టర్ గారు కాగితం మీద వేసి చూపించారు, అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది. బరువులో కిలోకి 120 నుంచి 150 మిల్లీగ్రాములు మొత్తం కోర్సులో పడాలని చూస్తారు. నేను 60 కిలోలు. అరవై ఇంటూ నూట ఇరవై, 7,200. మొదటి నెల రోజుకి 20, తర్వాత 40. అలా ఆరున్నర నెలలు. నీకైతే 52 ఇంటూ 120, అంటే 6,240. రోజుకి 20 చొప్పున 312 రోజులు. మీ డాక్టర్ గారు పది నెలలు అన్నది ఇందుకే. మధ్యలో డోసు మార్చాలో లేదో ఆవిడే చూస్తారు, నువ్వు మాత్రం తొందరపడి రోజుకి రెండు వేసుకోకు.

మొదటి వారం ఏమీ తెలియదు. "ఇంతేనా" అనిపిస్తుంది. నాకు ఎనిమిదో రోజున పెదవులు బిగుసుకున్నాయి. పదో రోజుకి నోరు పూర్తిగా తెరిస్తే మూలల్లో చీలి రక్తం. ఇది కొంచెం ఎక్కువో తక్కువో దాదాపు అందరికీ వస్తుందట. రుచీ వాసనా ఉన్న లిప్ బామ్‌లు రాస్తే ఇంకా మండింది. చివరికి మామూలు వాజిలీన్ డబ్బా ఒకటి మంచం పక్కన, ఒకటి బ్యాగులో, ఒకటి వంటింట్లో పెట్టుకున్నాను. గంటకోసారి రాయడమే. ఆ ఆరు నెలలూ ఆవకాయ ముట్టలేదు. కృష్ణా జిల్లా మనిషిని, కొత్తావకాయ జాడీ ఎదురుగా పెట్టుకుని పెరుగన్నం చప్పగా తిన్నాను. మే నెలలో అదే అన్నిటికంటే కష్టంగా అనిపించింది.

మూడో వారం నుంచి మొటిమలు పెరిగాయి. ఇది నీకు ముందే చెప్పాలి. అందరికీ జరగదు, నాకు మాత్రం బాగా జరిగింది. ఎప్పుడూ లేని నుదుటి మీద కూడా వచ్చాయి. ఐదో వారంలో మా ఆడపడుచు గృహప్రవేశం, కరోనా మాస్కు ఉండబట్టి వెళ్లగలిగాను. భోజనాల దగ్గర మాస్కు తీయాల్సి వస్తుందని తినకుండా వచ్చేశాను. ఆ రాత్రి మానేద్దామనుకున్నాను. మర్నాడు డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఫొటోలు పంపమన్నారు, చూసి కొనసాగించమన్నారు. ఒకవేళ పుండ్లు పడి, జ్వరం వచ్చి, కీళ్లు నొప్పులు పెడితే మాత్రం వెంటనే రమ్మన్నారు. నాకు అంతవరకు రాలేదు. ఎనిమిదో వారం నుంచి కొత్తవి తగ్గాయి. నాలుగో నెలలో ఒకరోజు స్నానం చేసి ముఖం తుడుచుకుంటుంటే చేతికి ఎక్కడా ఏమీ తగల్లేదు. తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. కళ్లు పొడిబారి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోలేకపోయాను, కళ్లజోడు వాడాను. ముక్కు లోపల ఎండిపోయి రెండుసార్లు రక్తం వచ్చింది, కొంచెం వాజిలీన్ రాస్తే తగ్గింది. బాబును ఎత్తుకుంటే నడుం పట్టేసేది. జుట్టు మామూలుకంటే ఎక్కువ ఊడింది, ఆపాక మళ్లీ వచ్చింది. చీకట్లో చూపు తగ్గొచ్చన్నారు, అందుకని ఆ రోజుల్లో రాత్రిపూట స్కూటీ తీయలేదు. ఎండ అసలు పడదు. బెజవాడలో ఏప్రిల్, మే గురించి నీకు చెప్పక్కర్లేదు. గొడుగు, సన్‌స్క్రీన్ లేకుండా గుమ్మం దాటలేదు.

రెండో నెల రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే కొవ్వు, 130 నుంచి 210కి వెళ్లాయి. భయపడ్డాను. వేపుళ్లు, స్వీట్లు తగ్గించమన్నారు, తర్వాతి నెలకి 170కి దిగింది. ఇక్కడే ఒక తికమక ఉంది. ఈ మాత్ర కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే సగం వృథా అన్నట్టే. మరి కొవ్వు తినాలా, మానాలా? నేను మధ్యాహ్నం ముద్దపప్పులో ఒక చెంచా నెయ్యి వేసుకుని, ఆ భోజనం చివర్లో మాత్ర వేసుకునేదాన్ని. ఆ చెంచా నెయ్యి చాలు. బజ్జీలు అక్కర్లేదు. శనివారాలు ఒంటిపూట ఉంటే ఆ పూటే వేసుకో.

వ్యాక్సింగ్ వద్దు. నాకు చెప్పినా వినకుండా పై పెదవికి చేయించుకుంటే తోలు ఊడొచ్చింది, ఆ మచ్చ పోవడానికి నాలుగు నెలలు పట్టింది. పెళ్లిచూపులని ఎవరైనా బ్లీచ్, ఫేషియల్ అంటే ఒప్పుకోకు. ఇంట్లో నలుగు పెట్టి శనగపిండితో రుద్దుతామన్నా వద్దను.

గుంటలు ఈ మాత్రతో పోవు. కొత్తవి పడకుండా ఆగుతాయి, అంతే. ఎర్ర మచ్చలు నెమ్మదిగా వాటంతటవే వాడిపోతాయి. గుంటలకి తర్వాత వేరే వైద్యం ఉంది. ఇది ముందే తెలియక నేను కోర్సు అయిపోయాక అద్దం ముందు ఏడ్చాను. నువ్వు తెలిసి మొదలుపెట్టు.


ఖమ్మం మందుల షాపు | ఆగస్టు 10

అమ్మా, నేను ఖమ్మంలో 17 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. డాక్టర్‌ని కాను. షాపులో కూర్చుని చూసినవి చెప్తాను.

నీకు ట్యూబు ఇచ్చినాయన చేసింది తప్పు. స్టెరాయిడ్ క్రీములను 2018లో షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. తెల్లబడతామని అడిగేవాళ్లు రోజుకి నలుగురైనా వస్తారు నా దగ్గరికి. పెళ్లి కావాల్సిన పిల్లలే ఎక్కువ. నేను ఇవ్వను, పక్క సందులోకి వెళ్తారు. నీ కథ చదివితే బాధేసింది.

నీకు రాసిన మందు కూడా చీటీ మీద ఇచ్చేదే. పోయినేడు ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు. చీటీ అక్కది. "దీనికి బాగా పనిచేసింది, చెల్లెలికి కూడా ఒక నెలకి ఇవ్వండి" అన్నారు. చెల్లెలి మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది. ఇవ్వలేదు. ఎందుకో కూర్చోబెట్టి చెప్పాను. తర్వాత మూడు నెలలకి ఆ అమ్మాయి నెల తప్పిందని వాళ్ల అక్కే స్వీట్లు పట్టుకొచ్చింది. ఆ రోజు నేను మొహమాటపడి స్ట్రిప్పు ఇచ్చి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది. నీ మాత్రలు నీవే. హాస్టల్లో ఫ్రెండ్ అడిగినా ఒక్కటి కూడా ఇవ్వకు.

నీ దగ్గర మిగిలిపోయిన డాక్సీసైక్లిన్ ఉంటే తీసేయి. ఆ రెండూ కలిపి వేసుకుంటే తలలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. విపరీతమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉంటే మాత్ర ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వేరే జబ్బుకి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మాత్ర వాడుతున్నానని ముందే చెప్పు. ఇది విటమిన్ ఏ జాతి మందు, కాబట్టి పైనుంచి విటమిన్ ఏ ఉన్న క్యాప్సూళ్లు, కాడ్ లివర్ ఆయిల్ (చేప లివర్ నూనె) గుళికలు, మల్టీవిటమిన్లు వేసుకోవద్దు. జుట్టు ఊడుతోందని చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, మల్టీవిటమిన్ కొంటారు. డబ్బా వెనకాల చదివి, డాక్టర్‌కి చూపించి వాడు. క్యారెట్లు, ఆకుకూరలు తినొచ్చు, వాటికి భయపడకు.

ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకు. కోర్సు నడుస్తున్నప్పుడూ, అయ్యాక ఒక నెలా రక్తదానం చేయకు, ఆ రక్తం గర్భిణికి ఎక్కించొచ్చు కదా.


తణుకు అమ్మాయి | ఆగస్టు 11

అక్కా, అంకుల్, మీ ఇద్దరికీ ఏమని చెప్పాలో తెలియడం లేదు. రాత్రి అక్క రాసింది అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. పాప పుట్టిందన్న చోట మళ్లీ చదవమంది.

కానీ ఇప్పుడు ఇంకో మాట అంటోంది. వాళ్ల చుట్టాల్లో ఎవరికో ఇలాంటి మాత్రే వాడితే డాక్టర్ మూడేళ్లు పిల్లల్ని కనొద్దన్నారట. "ఒక నెల కాదు, మూడేళ్లు" అంటోంది. అది నిజమైతే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఇంకోటి, సంబంధం కుదిరి మాఘంలో ముహూర్తం పెడితే కోర్సు మధ్యలో ఉంటాను. అప్పుడు మానేయాలా?


బెజవాడ అక్క | ఆగస్టు 11

ఆ చుట్టాల అమ్మాయికి సోరియాసిస్ ఉందేమో అడగమను. నాకూ మా అత్తగారు ఇదే మాట అన్నారు, మా డాక్టర్ గారు విడమరిచి చెప్పారు. సోరియాసిస్‌కి అసిట్రెటిన్ అని ఇంకో మందు ఉంది. పేరు దగ్గరగా ఉంటుంది, రెండూ విటమిన్ ఏ జాతివే. కానీ అది ఒంట్లో చాలాకాలం నిలవుండొచ్చు, అందుకే దానికి మూడేళ్లు ఆగమంటారు. నీది ఐసోట్రెటినాయిన్. దీనికి ఒక నెల. రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసి అమ్మకి పంపు, స్ట్రిప్పు మీద పేరు ఫొటో తీసి పంపు. పేరు కళ్లతో చూస్తే నమ్మకం కుదురుతుంది.

పెళ్లి ఆపక్కర్లేదు, గర్భం ఆగాలి. ఈ రెండూ వేరువేరని మన ఇళ్లలో చెప్పడం కష్టమే. పెళ్లైన నెలకే "ఏమైనా విశేషమా" అని అడుగుతారు. మాఘంలో ముహూర్తం పడితే నీకు రెండు దార్లు. ముందే గైనకాలజిస్టును కలిసి గట్టి జాగ్రత్తలు తీసుకుని కోర్సు కొనసాగించడం. లేదా డాక్టర్ గారికి చెప్పి కోర్సు ఆపి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మాట్లాడుకోవడం. ఏది చేసినా ఆ అబ్బాయికి తెలిసి జరగాలి. ఇందులో దాచడానికి ఏముంది? మొటిమలకి మందు వాడుతున్నావు. నేను మా ఆయనకి ఆ సంతకం పెట్టిన ఫారం తెలుగులో చదివి చెప్పాను. ఆ తర్వాత ప్రతి నెలా టెస్టు తేదీ ఆయనే గుర్తుచేసేవారు.


నెల్లూరు టు డాలస్ | ఆగస్టు 13

నేనూ ఈ మాత్ర వాడాను. మగవాణ్ణి కాబట్టి గర్భం విషయంలో నా అనుభవం వేరండి. కానీ చదివాక రాయాలనిపించింది.

అమెరికాలో ఈ మందుకి ఐప్లెడ్జ్ అని ఒక ప్రభుత్వ నిబంధన ఉంది, 2006 నుంచి. మందు 1982లోనే వచ్చింది. ఎన్ని హెచ్చరికలు రాసినా గర్భిణులు వాడటం పూర్తిగా ఆగకపోవడంతో ఇంత గట్టి పద్ధతి పెట్టారు. డాక్టర్, ఫార్మసీ, రోగి ముగ్గురూ అందులో నమోదు కావాలి. నాలాంటి మగవాళ్లు కూడా. ఒకసారికి 30 రోజుల మందే ఇస్తారు. గర్భం రాగల ఆడవాళ్లకి ప్రతి నెలా టెస్టు, పైగా గర్భం రాకుండా రెండు పద్ధతులు పాటించాలి. మా ఆవిడ స్నేహితురాలు టెస్టు తర్వాత గడువులోపు మందు తీసుకోలేక మొదటినుంచీ మళ్లీ చేయాల్సి వచ్చింది. మీ డాక్టర్ గారు ఫారం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం చూస్తే నాకు గౌరవం కలిగింది. అలాంటి డాక్టర్ దొరికితే వదలకండి.

మొదటిసారి ఫార్మసీలో డబ్బా చేతికిచ్చారు. జెనటేన్ అని ఉంది. తిప్పి చూస్తే మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్లది. ఊరుకాని ఊళ్లో అది చూసి మనసు కాస్త కుదుటపడింది.

నేను చెప్పాలనుకున్నది మనసు గురించి. మూడో నెలలో నాకు దేని మీదా ఆసక్తి లేకుండా పోయింది. శనివారం క్రికెట్ మానేశాను. ఏడుపు రాదు, కోపం రాదు, అంతా చప్పగా ఉండేది. నాకు తెలియలేదు కూడా, మా ఆవిడ పట్టుకుంది. "నెల నుంచి నువ్వు నవ్వలేదు" అంది. డాక్టర్‌కి చెప్తే ఆపించారు, నన్ను ఒక కౌన్సెలర్‌తో మాట్లాడించారు. నెలన్నరకి మళ్లీ మామూలయ్యాను. అప్పుడే కొత్త ఉద్యోగం, చలికాలం, అవీ ఉన్నాయి. డాక్టర్ మాత్ర వల్లే అనలేదు, కాదనీ అనలేదు. చాలామందిని గమనించిన అధ్యయనాల్లో ఈ మందు వాడేవాళ్లలో డిప్రెషన్ ఎక్కువైనట్టు తేలలేదని, అసలు తీవ్రమైన మొటిమలే మనిషిని కుంగదీస్తాయని, అయినా ఒక్కొక్కరి విషయం ఒక్కోలా ఉంటుంది కాబట్టి చెప్పి మంచి పని చేశావని అన్నారు. తర్వాత తక్కువ డోసులో మొదలుపెట్టి పూర్తి చేశాను, రెండోసారి ఆ ఇబ్బంది రాలేదు.

మీరు హాస్టల్లో ఉంటున్నారు. ఎదురుగా అమ్మ లేదు. అందుకని మీ రూమ్మేట్‌కి ముందే చెప్పి పెట్టండి: "నేను మారినట్టు అనిపిస్తే నాకు చెప్పు, నేను వినకపోతే మా అమ్మకి చెప్పు." నంబర్ కూడా ఇవ్వండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, ఆ గంటలోనే ఎవరికైనా చెప్పాలి.


తణుకు అమ్మాయి | ఆగస్టు 21

ఈరోజు మొదటి మాత్ర వేసుకున్నాను. హాస్టల్లో పప్పు, నా డబ్బాలో అమ్మ పంపిన నెయ్యి. రూమ్మేట్‌కి అన్నగారు చెప్పినట్టే చెప్పాను. తను అమ్మ నంబర్ ఫోన్‌లో పెట్టుకుంది. డాక్సీసైక్లిన్ స్ట్రిప్పు ఒకటి సూట్‌కేసులో దొరికింది, పారేశాను.


తణుకు అమ్మాయి | జనవరి 17

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. కనుమ అయ్యాక నిన్న రాత్రి బస్సులో హైదరాబాద్ వచ్చాను. మొదలుపెట్టి ఈరోజుకి 150 రోజులు. మూడు వేల మిల్లీగ్రాములు అయ్యాయి.

అక్కకి ఎనిమిదో రోజున బిగుసుకున్న పెదవులు నాకు ఆరో రోజునే బిగుసుకున్నాయి. సెప్టెంబరు మూడో వారంలో ఎడమ దవడ మీద ఒకేసారి నాలుగు లేచాయి. దసరాకి ఇంటికి వెళ్తే అమ్మ నన్ను చూసి మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. రాత్రి వచ్చి పక్కన కూర్చుని, మానేయమ్మా అంది. అప్పుడు అక్క రాసిన ఐదో వారం ముక్క మళ్లీ చదివి వినిపించాను. ఇద్దరం కలిసి డాక్టర్ గారికి ఫోన్ చేశాం. ఆవిడ అమ్మతో పది నిమిషాలు మాట్లాడారు. నాతో కంటే అమ్మతోనే ఎక్కువ ఓపికగా మాట్లాడారు. దాని తర్వాత అమ్మ మానేయమనలేదు.

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉన్నాను. నక్షత్రాలు చూశాక తినేటప్పుడు మాత్ర వేసుకున్నాను. లోపలి గడ్డ ఆఖరుది నవంబరు చివర్లో వచ్చింది. అదీ చిన్నదే, ఐదు రోజుల్లో పోయింది. ఆ తర్వాత ముఖం మీద రాలేదు. వీపు మీద ఇంకా ఒకటీ అరా ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్స్ 98 నుంచి 141కి వెళ్లి అక్కడే ఉన్నాయి. ఆఫీసులో గంటలకొద్దీ కూర్చుంటే నడుం నొప్పి, ఏసీలో కళ్లు మంట. కంటి చుక్కలు రాసిచ్చారు. రూమ్మేట్ ప్రతి ఆదివారం "బాగున్నావా, నిజం చెప్పు" అని అడుగుతుంది. బాగానే ఉన్నాను.

ఎడమ దవడ గుంటలు అలాగే ఉన్నాయి. ఏడుండేవి, ఇప్పుడు ఎనిమిది. అక్క ముందే చెప్పబట్టి ఏడవలేదు.

సంబంధం వాళ్లు 12న వచ్చారు. అమ్మ వద్దన్నా పౌడరు కూడా రాసుకోలేదు, పెదవులకి వాజిలీన్ ఒక్కటే. పెరట్లో మాట్లాడుకోమన్నప్పుడు ఆ అబ్బాయికి మాత్ర సంగతి చెప్పాను. కోర్సు జూన్ 28కి అవుతుందని, జులై నెలాఖరు దాకా పిల్లల మాట కుదరదని, పెళ్లంటూ జరిగితే శ్రావణంలో అయితే నాకు నిశ్చింతగా ఉంటుందని చెప్పాను. చెప్తున్నప్పుడు చేతులు వణికాయి. ఆయన మాత్ర పేరు అడిగి ఫోన్‌లో రాసుకున్నారు. భోగి రోజు ఫోన్ చేసి, చదివానని, రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడని అడిగారు. ఇంకా ఏమీ ఖాయం కాలేదు. పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

పరీక్ష 20న. ఇంకా 3,240 మిల్లీగ్రాములు ఉన్నాయి.